ఒక్కరోజు బాడుగకున్నాయన

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసి, ఇంటి లోన్ కావాలా సార్ అని అడిగింది. మధ్యాహ్నం అన్నం తిని కౌంటర్లో ఆవలిస్తున్న వేళ. అలాంటి వేళ ఎవరు ఏది అమ్మినా వినబుద్ధవుతుంది. ఫీజు ఎంతమ్మా అన్నాను.

"ఏ ఫీజూ లేదు సార్. మధ్యలో బ్రోకర్ కూడా ఉండడు" అంది గొప్పగా.

"అయితే వద్దమ్మా."

ఆమెకు నేర్పించిన జవాబుల్లో దీనికి జవాబు లేనట్టుంది. తర్వాత ఎవరూ నేర్పించనిది, సొంతంగా అడిగింది. "ఎందుకు సార్?"

చెప్పొచ్చు. కానీ చెప్పాలంటే నైరుతి మూల దగ్గర మొదలుపెట్టాలి. పాపం ఆమె సాయంత్రంలోపు ఇంకా సగం జిల్లాకు ఫోన్ చేయాలి. పెట్టేశాను. ఆమెకు చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

కర్నూల్లో ఇళ్ళకు లోన్లు ఇప్పించే ఒకాయన ఉండేవాడు. ఊరు ఆయన్ని లోనాయన అనేది. నేను మామా అనేవాణ్ణి. మా వైపు ఏ వరసా కాని మగమనిషికి వరస కల్పించాలంటే అదే సులువు. పైగా మామను ఎగతాళి చేసే హక్కు దాంతోపాటే వస్తుంది. ఆయన విషయంలో ఆ హక్కు నాకు దమ్మిడీకి పనికి రాలేదు. జోకు వేస్తే ఆయన దాన్ని ప్రశ్న అనుకునేవాడు. కాసేపు ఆలోచించి, మర్యాదగా జవాబు చెప్పేవాడు.

"జేబులో నాలుగు పెన్నులెందుకు మామా, నువ్వు సంతకం కూడా పెట్టవు గదా?"

"నాకు గాదల్లుడా. పెన్ను లేదని సంతకం రేపటికి పెట్టుకునేటోళ్ళు శానామంది ఉండారు."

పొడుగ్గా, సన్నగా, ఆ పెన్నుల బరువుకు ఒక పక్కకు వాలిన తెల్లచొక్కాతో ఉండేవాడు. ఒక పాత మోపెడ్ ఉండేది. దానికి హారన్ పనిచేసేది కాదు. ఎవరైనా అడ్డమొస్తే వాళ్ళ వెనక బండి ఆపి దగ్గేవాడు. జనం ఉలిక్కిపడి దారిచ్చేవాళ్ళు. హారన్ బాగుచేయించుకోవచ్చు గదా అంటే, "హారన్ కొడితే తిడతారు, దగ్గితే జరుగుతారు" అన్నాడు. 

ఏ ఇంటికి పోయినా ముందు నీళ్ళు అడిగేవాడు. దాహమై కాదు. "అడగంగానే తెచ్చినారంటే బోరుండాది. ఆలోచించి తెచ్చినారంటే ట్యాంకరు. సగం గ్లాసు తెచ్చినారంటే ఆ ఇంటికి లోను ఎందుకు, ఇల్లే ఎందుకు" అనేవాడు. నీళ్ళు తాగి, లేచి, గోడను వేళ్ళ కణుపులతో రెండుచోట్ల తట్టేవాడు. తలూపేవాడు. అంతే ఆయన పరిశీలన.

బ్యాంకులోకి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. బ్యాంకు ఎదురుగా టీకొట్టులో, గుమ్మం కనబడేలా బల్ల మీద కూర్చునేవాడు. కాగితాలు సర్ది, ఏది పైన ఉండాలో ఏది కింద ఉండాలో చెప్పి, మనల్నే లోపలికి పంపేవాడు. "నేను లోపలికి పోతే వాళ్ళకు నేనే అడుగుతాండాననిపిస్తాది. లోను మీది, అడగాల్సింది మీరు" అనేవాడు. పది నిమిషాల్లో బయటికొస్తే, మన ముఖం చూసి టీ చెప్పేవాడు. చక్కెర ఎక్కువ చెప్పాడంటే లోపల ఏం జరిగిందో ఆయనకు అర్థమైందన్నమాట.

ఇక ఫీజు. ఆయన గురించి ఊళ్ళో ఎవరు మాట్లాడినా చివరికి అక్కడికే వచ్చేవాళ్ళు. మిగతా బ్రోకర్లు లోన్‌లో నూటికి ఇంత అని ముందే చెబుతారు. ఈయన్ని అడిగితే రెండు అరచేతులూ పైకి తిప్పి, వాన చినుకు పడిందేమోనన్నట్టు వాటిని చూసుకుని, "మీ ఇష్టం" అనేవాడు. ఎప్పుడివ్వాలి అంటే, "గృహప్రవేశం నాడు, అన్నం తిన్నాక." అంతకుముందు ఇస్తే తీసుకునేవాడు కాదు. లోన్ రాకపోతే ఏమీ లేదు, టీ డబ్బులు కూడా ఆయనవే.

వినడానికి ఎంత బాగుంది. నేనూ అలాగే అనుకున్నాను, అవసరం పడేదాకా. రేటు చెబితే బేరమాడొచ్చు, ఎక్కువంటూ తిట్టొచ్చు, పక్క వీధి బ్రోకర్ దగ్గరికి పోతానని బెదిరించొచ్చు. మీ ఇష్టం అన్న మనిషిని ఏం చేస్తాం? మనతో మనమే బేరమాడుకోవాలి.

కోయిలకుంట్ల నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న ఒక టీచరు గృహప్రవేశం నాడు కవరు ఇచ్చాడట. ఈయన తెరిచి చూడకుండా జేబులో పెన్నుల వెనక పెట్టుకుని, "పాపకు దగ్గు తగ్గిందా సార్?" అని అడిగాడట. సంతోషించాడో, నొచ్చుకున్నాడో టీచరుకు అర్థం కాలేదు. తక్కువైందేమోనని రెండు రోజుల తర్వాత ఒక జొన్నల మూట పంపాడు. మూట దించుకుని ఈయన మళ్ళీ అదే అడిగాడు. తర్వాత శనగనూనె క్యాను పోయింది. పాపకు దగ్గు తగ్గేదాకా టీచరు పంపుతూనే ఉన్నాడని చెప్పుకుంటారు. ఈయన అడిగింది మాత్రం నిజంగా దగ్గు గురించే.

మీరెంతిచ్చారు అని జనం ఒకరినొకరు అడిగేవాళ్ళు. దానికి నిజం చెప్పినవాళ్ళు నాకు తెలిసి లేరు.

నేను పనిచేసేది ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో. దూదికి ఒక రేటు, ఆ దూది అద్దిన చేతికి ఒక రేటు వేసే చోటు. అలాంటి చోట కూర్చునేవాడికి "మీ ఇష్టం" అన్న మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

మా నాయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. జన్మంతా బాడుగ ఇళ్ళే. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో పెద్ద ముక్క తీసి, ఊరి చివర ఒక ఇంటికి బయానా ఇచ్చేశాడు. అమ్మే ఆయన ఆలూరు వైపు మనిషి, ఆదోనిలో తమ్ముడి పత్తి వ్యాపారంలోకి పోతున్నాడు. మూడు నెలల్లో మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, లేకపోతే బయానా పోతుంది. ఆ మాట అగ్రిమెంటులో ఉంది. ఆలూరాయన నవ్వుతూ నోటితో కూడా చెప్పాడు. మిగతా డబ్బు నా జీతం మీద లోన్ తీయాలి.

నాయన లోనాయన్ని ఆ ఇల్లు చూపించడానికి తీసుకొచ్చాడు. ఆయన ఆలూరాయన ఇంట్లో నీళ్ళు తాగాడు, గోడ తట్టాడు, బాగుండాది అన్నాడు. బయటికొచ్చాక నేను ఫీజు అడిగాను.

"మీ ఇష్టం."

"నా ఇష్టమైతే సున్నా మామా."

ఆయన ఆలోచించాడు. "అది గూడా ఇష్టమే" అని మోపెడ్ ఎక్కాడు.

లోన్ నేనే ఫోన్లో పెట్టుకుంటానని నాయనకు చెప్పాను. కాగితాలు ఫోటో తీసి పంపడానికి ఇంకో మనిషెందుకు? ఆయన చేసేదల్లా బల్ల మీద కూర్చోవడం. ఆ బల్ల నాకూ ఉంది. నాయన నా ఫోన్ వైపు చూసి, "గోడ దట్టేది ఎవురు, అదేనా?" అన్నాడు. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి కాబట్టి తట్టేవాళ్ళ మీద ఆయనకు గురి.

అంతా బాగానే నడిచింది. బ్యాంకు తరఫున ఒక కుర్ర ఇంజినీరు వచ్చి స్థలం కొలుచుకుని పోయాడు. తర్వాత ఫోన్లో ఒక గుండ్రటిది తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతూనే ఉంది. బ్యాంకుకు పోయి అడిగితే, కొలతలు పత్రంతో సరిపోలేదు, స్థలం తక్కువుంది అన్నారు.

స్థలం యాడికీ పోలేదు. బండల అవతల ఉంది.

సంగతేమిటంటే ఆ స్థలానికి దక్షిణం హద్దు వాలుగా పోయి, నైరుతి మూల బయటికి సాగింది. నైరుతి పెరిగితే ఇంటి యజమానికి ప్రాణగండం అని వాస్తు తెలిసినవాళ్ళు చెబుతారు. తెలియనివాళ్ళు ఇంకా గట్టిగా చెబుతారు. దానికి మా వైపు మందు ఉంది. పెరిగిన ముక్కను తోసేస్తూ అడ్డంగా కడప బండలు నిలువుగా పాతేస్తాం. ఇవతల ఉన్నది ఇల్లు. అవతల ముక్క కాగితంలో మనదే, పన్ను కట్టేదీ మనమే, కానీ అందులో మొక్క కూడా నాటం. ఆలూరాయన అదే చేశాడు. తూర్పున చేయి పట్టేంత సందుతో మొదలై, పడమటి వీధి దగ్గర ఎద్దులబండి తిరిగేంత వెడల్పైన ముక్క, బండల అవతల కంపచెట్లతో ఉంది. ఇంజినీరు బండల దాకా కొలిచి పోయాడు. ఆయన తప్పేముంది, గోడ కనబడింది, ఆగాడు.

బండలు తీసేసి మళ్ళీ కొలిపించండి, లేదంటే పత్రం మార్పించుకుని రండి అన్నారు బ్యాంకులో. అది ఆలూరాయన అక్కచెల్లెళ్ళతో కలిసి రాసుకున్న భాగాల పత్రం, మార్చాలంటే వాళ్ళ సంతకాలు కావాలి. వాళ్ళు ఆయనతో మాట్లాడరు. బండలు తీయడమైతే ఒక్క పూట పని.

ఆలూరాయన ససేమిరా అన్నాడు. "నేనీ ఇంట్లో ఉండంగా బండ కదిలేది లేదప్పా. దుడ్లిచ్చి రిజిస్ట్రీ చేపిచ్చుకోండి. మేం పోయినాక ఇల్లే పీక్కోండి, నాకేమి."

కొలవకుండా లోన్ రాదు, లోన్ రాకుండా దుడ్లు రావు, దుడ్లు రాకుండా ఆయన పోడు. ఈ చక్రం మా ఫోన్లో తిరిగే గుండ్రటిదానికంటే నిదానంగా తిరుగుతోంది.

ఇంటికొస్తే అమ్మ ఇంకో పేచీ. "బయానా ఇచ్చినాక ఇల్లు సగం మనదైనట్లే. బండ తీస్తే సగం దోషం మనకు గూడా తగుల్తాది. మీ నాయనకు మొన్ననే గుండెలో స్టెంటేసినారు. నేనొప్పుకోను."

"బయానా పోతే దోషం దాకా యాడిది, నేనే ముందు పోతా" అన్నాడు నాయన. ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. గడువు ఇంకో రెండు వారాలుంది. అప్పటికే నాయన అన్నం సగానికి వచ్చింది. అగ్రిమెంటు కాగితాన్ని మడిచిన మడత దగ్గర చిరిగేదాకా తీసి చూసుకున్నాడు.

ఒకరోజు నాకు చెప్పకుండా టీకొట్టుకు పోయి లోనాయన్ని తీసుకొచ్చాడు.

ఆలూరాయన అరుగు మీద కూర్చున్నాం. ఒక పక్క ఆలూరాయన, ఒక పక్క అమ్మ. దోషం ఎప్పుడు ఎవరిది అన్నదాని మీద ఇద్దరూ హైకోర్టు వకీళ్ళలాగా వాదించుకున్నారు. లోనాయన నీళ్ళు తాగుతూ విన్నాడు. నాకు విసుగొచ్చింది.

"ఒక పని చేద్దాం. ఒక్కరోజుకు ఎవరికన్నా బాడుగకిద్దాం. దోషం వాని నెత్తిన పోతాది, మీరిద్దరూ తప్పించుకుంటారు" అన్నాను.

జోకే. ఎవరూ నవ్వలేదు. లోనాయన మాత్రం గ్లాసు కింద పెట్టాడు. ఆ పెట్టే తీరు చూసి నాకు భయమేసింది. ప్రశ్న అనుకున్నాడు.

"ఎవురో ఎందుకల్లుడా. నేనొస్తా" అన్నాడు.

అమ్మ, ఆలూరాయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్ని రోజుల్లో మొదటిసారి ఇద్దరికీ ఒకే మాట తోచింది. అడిగింది మాత్రం ఆలూరాయన. "బాడుగోనికి తగుల్తాదా దోషం? యజమానికి గదా?"

"మీరు పొయ్యి ఆర్పి పక్కకు పొండి. నేనొచ్చి పాలు పొంగిచ్చుకుంటా. ఆ పొద్దుకు ఇల్లు నాదే గదా."

"నీకేమన్నా అయితే?" అంది అమ్మ.

ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నాకు సొంత ఇల్లే లేదక్కా. దోషమొచ్చి యాడ కూసుంటాది?"

అలా అన్నాక కూడా ఎవరూ నవ్వలేదు. ఈసారి నేను కూడా.

మంగళవారం వద్దని బుధవారం పెట్టుకున్నారు. పొద్దున్నే ఆలూరాయన కుటుంబం పొయ్యి ఆర్పేసి, ఎదురింటి అరుగు మీద వరసగా కూర్చుని, తమ ఇంటిని తామే కొత్తగా చూస్తున్నట్టు చూశారు. లోనాయన ఒక పది రూపాయల నోటు ఆలూరాయన చేతిలో పెట్టాడు, బాడుగ కింద. ఆలూరాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. మోపెడ్ వెనక నుంచి లోనాయన భార్య దిగింది. చిన్న మనిషి. చేతుల్లో ఒక చిన్న స్టవ్వు, గిన్నె, పాలప్యాకెట్టు.

నేననుకున్నది పాలు పొంగిస్తారు, బండలు తీస్తారు, కొలుస్తారు, పోతారు అని. ఆమె అలా అనుకోలేదు. ముందు గడప కడిగి ముగ్గు పెట్టింది. పాలు పొంగాక అన్ని గదులూ తిరిగింది. కిటికీలు తెరిచి గాలి ఎటు నుంచి వస్తుందో చూసింది. వంటింట్లో ఖాళీ అర ఒకటి కొంగుతో తుడిచి, దాని మీద ఏమీ పెట్టకుండా, తుడిచిన అరను కాసేపు చూసింది. మధ్యాహ్నానికి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి మాకందరికీ పెట్టింది. ఎదురింటి అరుగు మీద ఉన్న అసలు యజమానులకు కూడా పంపింది, వాళ్ళే పొరుగువాళ్ళైనట్టు.

కూలీలు బండలు పెకలించి పక్కన పడుకోబెట్టారు. ఇంజినీరు వచ్చాడు. పోయినసారి వచ్చిన కుర్రవాడే.

"ఇక్కడ బండలుండాల్నే?"

"నేను బాడుగకొచ్చినా సార్. అడ్డమని తీపిచ్చినా" అన్నాడు లోనాయన, గడపలో కూర్చుని.

"ఎప్పుడొచ్చారు?"

"పొద్దున."

"ఎన్నాళ్ళుంటారు?"

"సాయంత్రం దాకా."

ఇంజినీరు బండలు లేచిన గుంతలను చూశాడు, సూర్యుణ్ణి చూశాడు, దిక్కులు లెక్క వేసుకున్నాడు. గొంతు తగ్గించి, "నైరుతా?" అన్నాడు.

"అవు సార్."

అంతే. టేపు పట్టుకునే మనిషిని తొందరపెట్టి, మొత్తం స్థలం కొలిచి, అంకెలు మాత్రం ఈశాన్యం మూలకు పోయి నిలబడి రాసుకున్నాడు. కాఫీ అంటే, బండలు పెట్టినాక ఇంకెప్పుడైనా వస్తాలెండి అని బండెక్కాడు. ఈసారి ఆయన కొలత, పత్రం ఒక్కటే చెప్పాయి.

సాయంత్రం బండలు మళ్ళీ నిలబడ్డాయి. వెళ్ళేముందు ఆమె ఒక్కో గదిలోకీ పోయి లైట్లు ఆర్పి వచ్చింది. ఆలూరాయన కుటుంబం చీకటి ఇంట్లోకి తడుముకుంటూ పోయారు.

లోన్ వచ్చింది. గడువు లోపలే రిజిస్ట్రేషన్ అయింది. నాయన ఆ రోజు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

గృహప్రవేశం ముందు ఫీజు మీద మా ఇంట్లో మహాసభ జరిగింది. అందరు బ్రోకర్లు తీసుకునేంత ఇద్దాం అన్నాడు నాయన. నేను నాకు చేతనైన పని చేశాను, ఆసుపత్రి లెక్కన బిల్లు వేశాను. ఇంటికొచ్చి చూసినందుకు ఇంత, పాలప్యాకెట్టు, ఉగ్గాని, ఒక పూట ఇద్దరు మనుషులు, మోపెడ్ పెట్రోలు. గట్టిగా కూడితే నాయన చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాలేదు. గెలిచాననుకున్నాను.

"దోషానికి ఎంతేసినావు?" అంది అమ్మ.

"దోషం అనేది లేదుమా."

"లేకుంటే నువ్వే బాడుగకు పోయుండాల్సింది."

మా ఆసుపత్రిలో రక్తానికి రేటుంది, ఊపిరికి గంటకింత అని రేటుంది. ఇంకొకరికి రావాల్సింది తన మీద వేసుకున్నందుకు ఏ కౌంటర్లోనూ రేటు లేదు. చివరికి నాయన చెప్పినంత, దాని మీద ఆయనకు పంచె, ఆమెకు చీర, రవికె అని తీర్మానం అయింది. అన్నం తిన్నాక కవరు ఇచ్చాం. చూడకుండా పెన్నుల వెనక పెట్టుకున్నాడు.

"నీళ్ళు బాగొస్తాండాయా అక్కా?" అని అడిగాడు.

"తక్కువైందంటావా?" అంది అమ్మ ఆయన పోయాక. ఆ సాయంత్రమంతా నీళ్ళు అనే మాటకు మేం ముగ్గురం అర్థాలు వెతికాం.

తర్వాత అప్పుడప్పుడూ వచ్చేవాడు. నీళ్ళు తాగి, బండల దగ్గరికి పోయి ఒకదాన్ని తట్టి, నాయన రొమ్ము వైపు చూస్తూ, "అన్నకు బాగుండాదా?" అని అడిగేవాడు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి, ఆయన రొమ్ము వైపు చూస్తూ, "నీకు బాగుండాదా?" అనేది. దోషం ఎటు పోయిందోనని ఇద్దరూ ఒకరినొకరు తనిఖీ చేసుకునేవాళ్ళు. ఇద్దరు మగవాళ్ళకూ బాగానే ఉండేది. ఆ సంగతి నేను ఎత్తి చూపితే ఇద్దరూ నన్ను జాలిగా చూసేవాళ్ళు.

ఒకసారి షుగర్ పరీక్షకని మా ఆసుపత్రికొచ్చి, నా కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. వెనక ఎవరూ లేరని చూసుకుని, "రెండు గదుల ఇల్లు ఒకటి చూసినా అల్లుడా. మీ అత్త అడుగుతాంది. నీ ఫోన్లో పెట్టి చూడు, వస్తాదేమో" అన్నాడు. ఆయన ఒకరిని ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదలు.

పేరు, వయసు, ఊరు నింపాను. "నెలకు ఆదాయం ఎంత మామా?"

అరచేతులు తిప్పాడు. "వాళ్ళ ఇష్టం."

ఫోన్ ఒప్పుకోలేదు. దానికి అంకె కావాలి. అంకె వేస్తే, దానికి రుజువు కావాలి. ఊళ్ళో సగం ఇళ్ళకు లోన్ ఇప్పించిన మనిషికి లోన్ రాదు. "ఇప్పుడన్నా ఒక రేటు పెట్టుకో మామా. రసీదులియ్యి. రెండేళ్ళలో నీకూ వస్తాది."

"రేటు పెడితే పనోణ్ణయితా. లెక్క చేసి చేతిలో పెట్టి పంపిస్తారు. మీ ఇష్టమంటే చుట్టమయితా, అన్నం పెట్టి పంపిస్తారు."

"చుట్టరికం చూసి బ్యాంకోళ్ళు లోనియ్యరు మామా."

అదీ ప్రశ్నే అనుకున్నాడు. ఆలోచించి, "ఇయ్యరు" అన్నాడు. షుగర్ రిపోర్టు తీసుకుని పోయాడు.

మొన్నటి ఎండాకాలం, ఆ టీకొట్టులో, ఆ బల్ల మీదే పోయాడు. ఎవరినో కాగితాలిచ్చి లోపలికి పంపాడట. వాళ్ళు బయటికొచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడట. గ్లాసులో టీ సగం ఉందట.

ఆయన భార్య అమ్మకు ఫోన్ చేసింది. శవం వ్యానులో వీధి చివర ఉంది. ఇంటి ఓనరు లోపలికి తేవద్దంటున్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు, ఆ నెలలోనే కూతురి పెళ్ళి. నక్షత్రం మంచిది కాదని, శవం ఇంట్లో పెడితే ఆరు నెలలు ఇల్లు మూయాలని పంచాంగం చూసినాయన చెప్పాడట. బాడుగ ఇళ్ళలో ఇది మామూలే. దింపకుండా నేరుగా తీసుకుపొమ్మని చెబుతారు. తీసుకుపోతారు.

అమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. ‘నేను చెప్పలా’ అని మొదలుపెడుతుందనుకున్నాను. దోషం తగలాలంటే ఇన్నేళ్ళు ఆగదని, ఆయనకు షుగరూ బీడీలూ ఉన్నాయని, నా జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. అది ఖర్చు కాలేదు.

"వ్యాను ఈడికి తెమ్మను" అంది ఫోన్లోకి. నాయన వైపు తిరిగి, "బండలు తీపిచ్చు" అంది.

నాయన వెంటనే పోయి ఇద్దరు కూలీలను పిలుచుకొచ్చాడు. మెకానిక్ కదా, తనూ ఒక గడ్డపార పట్టుకుని, స్టెంటు ఉన్న మనిషివి నీకెందుకు అంటే వినకుండా రెండు బండలు పెకలించాడు. ఒక్కరోజు కూడా కదపనివ్వనని పట్టుబట్టిన అమ్మ పక్కన నిలబడి, ఇంకొకటి, ఇంకొకటి అని అన్నీ తీయించింది. కంపచెట్లు కొట్టి, నీళ్ళు చల్లి, ఇంటికీ ఆ ముక్కకూ మధ్య ఏమీ లేని చోట ఆయన్ని పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు.

పక్కింటామె కొంగు నోటికడ్డం పెట్టుకుని అమ్మ దగ్గరికొచ్చింది. "ఏందక్కా ఇది. అసలే నైరుతి. బాడుగ మనిషిని తెచ్చి ఈడ పెట్టుకుంటారా?"

"బాడుగ మనిషేంది. ఈ ఇంట్లో నాకంటే ముందు పాలు పొంగిచ్చినాడు" అంది అమ్మ.

సాయంత్రానికి జనం నిండిపోయారు. ఆయన ఇప్పించిన ఇళ్ళవాళ్ళంతా షామియానా కింద కుర్చీల్లో కూర్చుని, ఎప్పటిలాగే ఫీజు దగ్గరికొచ్చారు. ఆ రోజెందుకో ఎవరికీ అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఎవరెంత ఇచ్చారో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. టీచరు జొన్నల మూట ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ నలుగురిలో చెప్పినంత ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. అన్నీ మనసులో కూడుకున్నాను, అలవాటు కొద్దీ. ఆ ఆదాయానికి నేనైనా లోన్ ఇవ్వను.

మర్నాడు దహనం అయింది. స్నానాలయ్యాయి. ఓనరు మనిషిని పంపాడు, లోనాయన భార్య ఒక్కతే అయితే రావొచ్చని. పొద్దు వాలింది. అమ్మ, నాయన, నేను, ఇద్దరు ముగ్గురు చుట్టాలు గదుల్లో తలా ఒక మూల కూర్చుని ఉన్నాం. ఆమె లేచి, చెప్పులు వేసుకోబోయి ఆగింది. వెనక్కి వచ్చి, ఒక్కో గదిలోకీ పోయి లైట్లు ఆర్పింది. మేం అందులోనే ఉన్నామని ఆమెకు గుర్తు లేదు. మేమూ గుర్తు చేయలేదు. గడప దాకా పోయాక చీకట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"వంటింట్లోది మర్చిపోయినావు చూడు."

ఆమె మళ్ళీ లోపలికి పోయి అది కూడా ఆర్పి వచ్చింది.